మడ్‌గార్డు ఎవరిది?

2019 జూలై 31వ తేదీన రాజ్యసభ మోటారు వాహనాల చట్ట సవరణ బిల్లును 108 ఓట్ల అనుకూలతతో, 13 ఓట్ల వ్యతిరేకతతో ఆమోదించింది. అంతకు ఎనిమిది రోజుల ముందే లోక్‌సభ ఆమోదం పొంది వచ్చిన బిల్లు అది. అయినా అందులో అచ్చుతప్పులు మిగిలిపోయినందున, వాటిని దిద్దే సవరణలతో మళ్ళీ దిగువ సభ గడప తొక్కవలసి వచ్చింది. ఆనాటి వాదోపవాదాలు ముఖ్యంగా రాష్ట్రాల అధికారాలు ఏమవుతాయన్న ప్రశ్న చుట్టూ, తాగి బండి నడిపేవారికి జరిమానా 2,000 రూపాయల నుంచి 10,000కు పెరగడం చుట్టూ తిరిగాయి. ఆ సందడిలో 182-ఎ సెక్షనులోని నాలుగవ ఉపవిభాగం పెద్దగా ఎవరి కంటా పడలేదు. వాహన యజమాని ఎవరైనా చట్టమూ నియమాలూ అనుమతించని రీతిలో తన వాహనానికి మార్పులు చేస్తే, ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా గాని, ఆ రెండూ గాని విధించవచ్చునని ఆ ఉపవిభాగం చెబుతున్నది.

పార్లమెంటు వార్తలు రాసుకొనేవాడికి మోటారు సైకిలు మడ్‌గార్డుతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. అడగవలసిందే. కాని శాసనసభలూ పార్లమెంటూ చేసే చట్టాలలో పౌరుని ఇంటి వాకిటిదాకా వచ్చేవి ఏవి అని వెదికితే, రాజ్యాంగ సవరణలకంటే ముందు ఇటువంటి ఉపవిభాగాలే కనిపిస్తాయి. ఆదివారం పూట ఇంటి ముందు కూర్చుని, బండి వెనుక భాగం అందంగా కనబడాలని మడ్‌గార్డును నాలుగంగుళాలు కోసుకొనే కుర్రవాడు, తనకు తెలియకుండానే భారత పార్లమెంటుతో వ్యవహారంలోకి దిగుతున్నాడు.

తూర్పు ఢిల్లీలో నేనుండే కాలనీలో గుంటూరు వైపునుంచి వచ్చి స్థిరపడిన ఒక కుటుంబం ఉన్నది. ఆ ఇంటి అబ్బాయి ఇంజనీరింగు చదివినవాడు, చేతిపనిలో దిట్ట. మొన్న వేసవిలో అతడు ఈ పని చేస్తూండగా గంటన్నర సేపు దగ్గర నిలబడి చూచాను. తొందరపాటు మనిషి కాడు. ముందుగా బ్యాటరీ తీగ విప్పాడు, సీటు తీశాడు, వెనుక లైటుకూ ఇండికేటర్లకూ వెళ్ళే వైర్ల కొక్కేలను ఒక్కొక్కటే ఊడదీసి, ఏది ఎక్కడిదో గుర్తుండేటందుకు రంగు కాగితాలు అంటించాడు. పానాలతో బోల్టులు విప్పి మడ్‌గార్డును కిందికి దించి, దానిమీద కాగితపు టేపు అతికించి, అట్టముక్కతో చేసుకొన్న వంపుగీతను పెన్సిలుతో దించాడు. హేక్సా బ్లేడుతో కోసి, అంచుకు ఆకురాయి పట్టి, ప్రైమరు పూసి, నల్లరంగు వేశాడు. అంతకుముందు తమ్ముణ్ణి సీటుమీద కూర్చోబెట్టి, షాక్ అబ్జార్బర్లు పూర్తిగా దిగినప్పుడు చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ ఎంత ఎడం మిగులుతుందో కూడా కొలిచి చూచుకొన్నాడు. ఇంత శ్రద్ధగా చేసే పనిని నేరమని పిలవడానికి నాకు నోరు రాలేదు.

అయినా నా కళ్ళెదుటే మూడు సంగతులు జరిగాయి. రేకు మడ్‌గార్డు అంచును కర్మాగారంలో లోపలికి మడిచి ఉంచుతారు. ఆ మడతే దానికి బిగువు. దాన్ని కోసివేస్తే మిగిలిన రేకు పలుచని పళ్ళెంలా అదురుతుంది. ఒంటి సిలిండరు ఇంజను అదురుకు కొన్ని నెలలలో బోల్టు రంధ్రం దగ్గర పగులు మొదలవుతుంది. రెండవది, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు కోసిన ముక్కతోబాటే పోయింది. దాన్ని మళ్ళీ ఎక్కడ బిగించాలో అబ్బాయి ఆలోచించుకోలేదు. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది, నంబరు ప్లేటు. ఇంతకాలం నిటారుగా నిలబడి ఉన్న ఆ పలక సీటు కిందికి, దాదాపు ఆకాశంవైపు తిరిగి పడుకొన్నది. బండి పక్కన నిలబడినవాడికి అది చక్కగానే కనిపిస్తుంది. బండి వెనుక పదిహేను మీటర్ల దూరంలో ఉన్నవాడికి కనిపించదు.

పదిహేను మీటర్లన్నది నేను ఊహించి చెప్పిన దూరం కాదు. రాత్రివేళ వెనుక నంబరు అంత దూరంనుంచి చదవగలిగేట్టుగా తెల్లని వెలుగు దానిమీద పడాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు నిర్దేశించాయి. మోటారు సైకిలు వెనుక పలకమీద అక్షరాలు 35 మిల్లీమీటర్లు, అంకెలు 40 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలన్నవీ ఆ నియమాలే. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు తప్పనిసరి చేసిన అధిక భద్రతా నంబరు పలకను వెనుకవైపు ఒక్కసారి బిగిస్తే విరగగొట్టనిదే ఊడిరాని తాళంతో బిగిస్తారు. రాజ్యం ఈ పలక విషయంలో ఎంత పట్టుదలతో ఉన్నదో ఆ చిన్న తాళమే చెబుతుంది.

ఈ కోత సరదా మన దేశంలో పుట్టినది కాదు. 1930ల అమెరికాలో, కర్మాగారంనుంచి వచ్చిన మామూలు బళ్ళతోనే పోటీపడే పందేలు మొదలైనప్పుడు, బరువు తగ్గించుకొనేందుకు ముందు మడ్‌గార్డును తీసివేసి, వెనుకదాన్ని పొట్టిగా కోసేవారు. రెండవ ప్రపంచ యుద్ధంనుంచి తిరిగివచ్చిన సైనికుల చేతుల్లో అదొక వేషమై స్థిరపడింది. దానికి ‘బాబర్’ అని పేరు. మొగలు చక్రవర్తితో దీనికి చుట్టరికమేమీ లేదు. గుర్రం తోకను పొట్టిగా కత్తిరించడాన్ని ఆంగ్లంలో ‘బాబ్’ చేయడమంటారు. ఆడపిల్లల బాబ్ క్రాఫు కూడా ఆ మాట సంతానమే. కళాశాలలో ఆంగ్ల సాహిత్యం చదివినందుకు ఈపాటి ఉపయోగమైనా కలిగింది.

అమెరికా పందెపు మైదానంలో వెనుక ఎవరూ కూర్చోరు. మన దేశంలో బండి బతుకు వేరు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి బుల్లెట్ల తయారీకి పూనుకొన్ననాటినుంచీ, మనకు తెలిసిన బళ్ళకు చక్రాన్ని సగందాకా కప్పే లోతైన మడ్‌గార్డులు ఉంటూ వచ్చాయి. సగం రోడ్లు మట్టివీ కంకరవీ అయిన దేశంలో, ఏడాదిలో నాలుగు నెలలు వానపడే ఉపఖండంలో, అది శోభకోసం పెట్టిన రేకు కాదు. తెనాలినుంచి రేపల్లెకు, ఖమ్మంనుంచి ఇల్లెందుకు ఆషాఢ శ్రావణాలలో బండిమీద వెళ్ళినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ముందుపోయే బండి చక్రం చిమ్మిన బురద హెల్మెట్ అద్దంమీద పడితే, వెనుకవాడికి రెండు మూడు క్షణాలపాటు రోడ్డే కనిపించదు.

ఇక్కడ ఒక విచిత్రమున్నది. బండికి అమర్చిన భాగాలలో యజమానికి అన్నింటికంటే తక్కువగా ఉపయోగపడేది వెనుక మడ్‌గార్డు చివరి భాగమే. బ్రేకు అతనికోసం, హ్యాండిలు అతనికోసం, సీటు అతనికోసం. ఆ చివరి జానెడు రేకుమాత్రం వెనుక వచ్చేవాడికోసం, వెనుక కూర్చున్నవారికోసం, బండి ఢీకొట్టి పోతే నంబరు చూడవలసినవారికోసం ఉన్నది. కొన్నవాడు దానికి ధర చెల్లించాడు గనుక అతనిదే అనుకొంటాడు. అతని కంటికి అది అనవసరంగా వేలాడే తోకలా కనబడడంలో ఆశ్చర్యమేమీ లేదు. తనకు పనికిరానిదాన్ని అతడు కోసుకొంటున్నాడు. నష్టపోయేవారు ఆ ఆదివారం అక్కడ ఉండరు.

నష్టం ఎటువంటిదో కొంచెం వివరంగా చూడాలి. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో మన రోడ్లమీద 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలమీద వెళుతున్నవారు. ఢీకొట్టి ఆగకుండా పోయిన వాహనాలవల్ల ఆ ఒక్క సంవత్సరంలోనే 30 వేలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ పాపమంతా మడ్‌గార్డు కోసుకొన్న కుర్రవాళ్ళ నెత్తిన రుద్దడం అన్యాయం. పారిపోయిన వాహనాలలో కార్లు ఉన్నాయి, లారీలు ఉన్నాయి, నంబరు పలక సక్రమంగా ఉన్నవీ ఉన్నాయి. కాని నంబరు దొరకడానికీ దొరకకపోవడానికీ నడుమ ఉన్న దూరమెంతో మన చట్టమే రూపాయలలో లెక్కగట్టింది. ఢీకొట్టిన బండి ఏదో తెలిస్తే, తప్పు ఎవరిదన్న విచారణ లేకుండానే మృతుని కుటుంబానికి యజమానినుంచి గాని, బీమా సంస్థనుంచి గాని 5 లక్షల రూపాయలు రావాలని 164వ సెక్షను అంటున్నది. ట్రిబ్యునలుకు వెళ్ళి మృతుని సంపాదననుబట్టి అంతకంటె ఎక్కువ కోరుకొనే దారీ ఉన్నది. బండి ఏదో తెలియకపోతే 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన పథకం కింద దక్కేది 2 లక్షలు. అంతకుముందు అదీ 25,000 రూపాయలే. కూలికి పోయి వస్తూ రోడ్డు దాటుతున్న మనిషి చనిపోతే, అతని భార్యకు ఎంత అందుతుందన్నది నాలుగు అంకెలు ఎవరికైనా కనిపించడంమీద ఆధారపడి ఉంటుందన్నమాట.

వెనుక కూర్చునేవారి సంగతి ఇంకొకటి. మన దేశంలో ఆ స్థానం ఎక్కువగా స్త్రీలది. చీరకట్టుకొని, ఒకవైపుకు కూర్చుని, ఒడిలో పిల్లవాడితో ప్రయాణం చేసే తల్లిని దృష్టిలో పెట్టుకొని రాసినట్లుంటుంది 123వ నియమం. వెనుక మనిషి కూర్చునే ఏర్పాటున్న ప్రతి మోటారు సైకిలుకూ పట్టుకొనేందుకు పిడి, కాలు పెట్టుకొనేందుకు ఆధారం, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండి తీరాలని అది ఆదేశిస్తున్నది. మన ప్రభుత్వ నియమావళులలో ఇంత మానవీయంగా కనిపించే వాక్యాలు తరచుగా దొరకవు. పొరుగునున్న బంగ్లాదేశ్‌లో బ్యాటరీ రిక్షాలలో వెళ్ళే యువతుల ఓణీలు ఇరుసుకు చుట్టుకొని, మెడ వెన్నుపూస విరిగి, కాళ్ళూ చేతులూ పడిపోయినవారు ఢాకా సమీపాన సావర్‌లోని పునరావాస కేంద్రానికి చేరడంగురించి అక్కడి వైద్యులు వ్యాసాలు రాశారు. ఢిల్లీలో, లాహోర్‌లో, హైదరాబాదులో ఓణీ ఒకటే, తిరిగే చక్రమూ ఒకటే. బండి వెనుక భాగం తేలికగా కనబడాలని మడ్‌గార్డుతోబాటు చీర రక్షణ కడ్డీలను కూడా పీకివేసేవారిని కరోల్‌బాగ్ వీధులలో ఏ సాయంత్రమైనా చూడవచ్చు.

ఇంతవరకూ చదివినవారు నేను 182-ఎ పక్షాన నిలబడ్డానని అనుకొని ఉంటారు. అంత సులభంగా తేలే విషయం కాదది. పని ముగించి చేతులు తుడుచుకొంటూ ఆ అబ్బాయి నన్నొక ప్రశ్న అడిగాడు. “బాబాయిగారూ, పొట్టి మడ్‌గార్డుతో బండిని కంపెనీ అమ్మితే తప్పు లేదు. అదే పొట్టి మడ్‌గార్డు నేను ఇంట్లో చేసుకొంటే నేరమా?” జావా సంస్థ ‘పెరాక్’ అనే ఒంటి సీటు బండిని 2019లో మార్కెట్టుకు తెచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2024లో ‘గోవన్ క్లాసిక్’ పేరిట అదే బాణీ బండిని విడుదల చేసింది. కుర్రవాళ్ళు హేక్సా బ్లేడుతో కనిపెట్టిన వేషాన్ని కంపెనీలు రెండు లక్షల రూపాయలకు అటూ ఇటూగా అమ్ముకొంటున్నాయన్నది నిజమే.

ప్రశ్నకు జవాబు లేకపోలేదు. కంపెనీ బండి అమ్మకానికి రాకముందు పుణెలోని సంస్థవంటి అధీకృత పరీక్షాకేంద్రాలలో లైటు ఎక్కడున్నది, పలక ఏ కోణంలో ఉన్నది, రిఫ్లెక్టరు ఉన్నదా లేదా అని పరీక్షకు నిలబడుతుంది. ఒంటి సీటు బండిలో వెనుక కూర్చునే మనిషే లేదు గనుక 123వ నియమం ప్రసక్తి రాదు. ఆ సంగతి ఆర్.సి. పుస్తకంలోనూ నమోదై ఉంటుంది. ఇంట్లో కోసిన బండికి పరీక్ష లేదు. వెనుక సీటు అలాగే ఉంటుంది, దానిమీద అమ్మో చెల్లెలో కూర్చుంటుంది. ఈ మాటే నేను ఆ అబ్బాయికి చెప్పాను. “అయితే నా బండిని కూడా పరీక్షించమనండి. ఎక్కడికి తీసుకువెళ్ళమంటారు?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నా దగ్గర లేకపోవడం పెద్ద విషయం కాదు. రవాణా కార్యాలయం కిటికీ దగ్గర కూడా అది దొరకదు.

చట్టం నడక చూడండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటుంది. మార్పు అంటే వాహనం మౌలిక స్వరూపం మారేంతగా నిర్మాణంలో చేసే మార్పు అని దాని కిందనే వివరణ ఉన్నది. మడ్‌గార్డులో నాలుగంగుళాలు మౌలిక స్వరూపమా? ఒక ఇన్స్పెక్టరు అవునంటే, పక్క జిల్లా ఇన్స్పెక్టరు కాదనవచ్చు. కేరళలో తలెత్తిన వివాదంలో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అరుణ్ మిశ్రా, వినీత్ శరణ్ తీర్పు చెబుతూ, రాష్ట్ర నియమాలేవైనా 52వ సెక్షనుకు లోబడి ఉండవలసిందేననీ, తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మార్చరాదనీ స్పష్టం చేశారు. ఆ ఏడాదే పార్లమెంటు శిక్షను పెంచింది. తలుపు బిగుసుకొన్నది. తలుపు ఎంతవరకు బిగించాలన్న కొలతమాత్రం సామాన్యుడికి ఎవరూ చెప్పలేదు.

దీని ఫలితం మనకు రోజూ కనిపిస్తున్నదే. ఒకవైపు కరోల్‌బాగ్‌లో పట్టపగలు, బోర్డులు పెట్టి మరీ మడ్‌గార్డులు కోస్తారు, కొత్తవి బిగిస్తారు. మరొకవైపు హఠాత్తుగా ఒకరోజు దాడులు జరుగుతాయి. 2024లో విశాఖపట్నం పోలీసులు చెవులు చిల్లులుపడే సైలెన్సర్లను వందల సంఖ్యలో పట్టుకొని, రోడ్డుమీద పరచి, రోడ్డు రోలరుతో తొక్కించారు. సైలెన్సరు విషయంలో నాకు వారిమీద ఫిర్యాదు లేదు. అర్ధరాత్రి ఆ మోత విన్న ఏ రోగికీ ఉండదు. కాని రోలరు తొక్కిన మరునాడు కూడా ఆ సైలెన్సరును అమ్మిన అంగడి తెరిచే ఉంటుంది. అనుమతిలేని మార్పు చేసిన యజమానికి శిక్ష ఉన్నట్లే, అటువంటి భాగాలను అమ్మినవారికీ అదే 182-ఎ సెక్షనులో శిక్ష రాసి ఉన్నది. రాసినది అంగడి గుమ్మందాకా వెళ్ళడం అరుదు. కుర్రవాడి జేబుదాకా మాత్రం తేలికగా వెళుతుంది. ఆరు నెలల జైలు అనే మాట కూడలిలో నిలబడిన కానిస్టేబులు చేతిలో ఏ పనికి వస్తుందో ఈ దేశంలో బండి నడిపినవారందరికీ తెలుసు. శిక్షా, దాని వర్తింపూ రెండూ అనిశ్చితంగా ఉన్నచోట జరిగేది బేరమే. ఆ బేరం తెగిన తరువాత మడ్‌గార్డు పొట్టిగానే ఉంటుంది, నంబరు పలక ఆకాశం చూస్తూనే ఉంటుంది, చీర చక్రానికి రెండంగుళాల దూరంలోనే ఎగురుతూ ఉంటుంది.

మార్గం లేకపోలేదు, అది చట్టంలోనే ఉన్నది. ఏయే మార్పులు, ఏ ప్రమాణాలతో, ఎవరి ఆమోదంతో చేసుకోవచ్చునో నిర్దేశించే అధికారాన్ని 2019 సవరణ ద్వారా పార్లమెంటు కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. గ్యాసు కిట్లు అమర్చుకొనేవారికి, వికలాంగులకోసం వాహనాలు మార్చుకొనేవారికి దారులు ఏర్పడ్డాయి. జర్మనీలో బండి సింగారానికి కావలసిన భాగాలు ఆమోదపత్రంతోబాటు అంగడిలో దొరుకుతాయి; పత్రం లేని మార్పైతే తనిఖీ ఇంజనీరు ముందు బండి నిలబెట్టి, కాగితాలలో రాయించుకొంటారు. అక్కడి కుర్రవాళ్ళు మనవాళ్ళకంటే తక్కువ సరదా మనుషులేమీ కారు.

మన దగ్గర కావలసినది ఒక పేజీ ప్రకటన. వెనుక సీటు ఉంచుకొనేవాడు చక్రంలో సగం కప్పే రక్షణను ముట్టుకోరాదు. ఒంటి సీటు చేసుకొనేవాడు వెనుక పాదపీఠాలు తీసివేసి, ఆ సంగతి ఆర్.సి.లో నమోదు చేయించాలి. పలక ఎంత వాలుదాకా ఉండవచ్చునో డిగ్రీలలో చెప్పాలి. దీపం, రిఫ్లెక్టరు తప్పనిసరి. తనిఖీకి ఒక రుసుము, ఒక గడువు. ఈ గీత దాటినవాడిమీద 5,000 కాదు, 10,000 వేసినా నాకు అభ్యంతరం లేదు. ఎందుకంటే అప్పుడు అతడు కోసేది తన మడ్‌గార్డు కాదని అతనికి ముందే చెప్పినట్లవుతుంది. కంటి ముచ్చటకోసం చేసే నాలుగంగుళాల కోతనూ, పరుల ప్రాణానికి ముప్పు తెచ్చే కోతనూ ఒకే గాటకట్టి, రెంటికీ ఆరు నెలలు అని భయపెట్టే పద్ధతి మాత్రం నాకు రుచించదు. అది వెనుకనున్నవారిని కాపాడడం లేదు.

రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి లోక్‌సభలో 42 మంది సభ్యులున్నారు. ఏ వాహన మార్పులకు ఏ ప్రమాణాలు ప్రకటించారు, మిగిలినవాటికి ఎప్పుడు ప్రకటిస్తారు, నంబరు పలక కనిపించని బళ్ళమీద ఏ రాష్ట్రంలో ఎన్ని కేసులు పెట్టారు, అటువంటి భాగాలు అమ్మినవారిమీద ఎన్ని పెట్టారు అని వారిలో ఒక్కరు రవాణా మంత్రిని అడిగితే చాలును. నక్షత్ర ప్రశ్నకు కావలసినది పదిహేను రోజుల నోటీసు.